నాలుగు పేర్ల హాలు: గడియ ఎటువైపు

పోయిన వారం టికెట్టక్కను పగిలిన గోడ ముందు నిలబెట్టి వచ్చాం. చేతిలో టార్చిలైటు. గోడకు పడిన కన్నంలోంచి ముప్పై ఒక్క ఏళ్లుగా మూసిపెట్టిన గాలి ముఖానికి కొడుతోంది. కథలోకి ఇవాళే వచ్చినవాళ్లుంటే వాళ్లకోసం నాలుగు ముక్కలు చెప్పి, మళ్లీ అక్కడికే వెళ్దాం.

ఆ హాలు కట్టినప్పుడు దాని పేరు మయూర నాటకశాల. టికెట్టక్క తండ్రి అందులో తెర లాగేవాడు. నాటకాలకు జనం పల్చబడ్డాక ఆ తెర పీకేసి తెల్లగుడ్డ బిగించారు, రాజహంస టాకీస్ అని బోర్డు రాయించారు. తెరాయన కొడుకు ప్రొజెక్టర్ ఆపరేటరయ్యాడు. కూతురు ఆడవాళ్ల కౌంటర్లో టికెట్లు ఇస్తూ అందరికీ టికెట్టక్కయింది, గేట్‌కీపర్‌ని పెళ్లి చేసుకుంది, ఒక కూతుర్ని కన్నది. ఒక ఆదివారం మ్యాటినీ ఆటలో మెట్ల కింద కరెంటు బోర్డు అంటుకుంది. బాల్కనీ జనం దిగడానికి దారిలేక పక్క తలుపు మీద పడ్డారు. అది మూసి ఉంది. పన్నెండుమంది పోయారు. పన్నెండోవాడు గేట్‌కీపరే. ఆ తలుపు మూసేసి టీకి పోయింది అతనేనని, పొగ చూసి పరిగెత్తుకొచ్చినా తెరవలేక వాళ్లతోపాటే పోయాడని తేల్చారు. హాలు ముందు పెట్టిన రాతిపలక మీద పదకొండు పేర్లే చెక్కారు.

నాలుగు నెలల్లో ఓనరు బాల్కనీకి, పాత కేబిన్‌కి గోడ కట్టించి, కింద కొత్త కేబిన్ పెట్టి, ఉదయ థియేటర్ అని పేరు మార్చాడు. "పేరు మారిస్తే పీడ పోతుంది" అన్నాడట. జనం మాత్రం చాలాకాలం కాలిన హాలనే పిలిచారు. ఆ తర్వాత అది ఆనంద వేడుకల హాలయింది. ఇప్పుడు దానికి పేరే లేదు. పరుపుల గోడౌన్, అంతే. దాన్నీ పడగొట్టి కార్లు నిలపడానికి ఆరంతస్తులు లేపుతామని నగరసంస్థ వాళ్లు నోటీసు అంటించారు. మయూర నాటి కట్టడమే ఇంకా నిలబడి ఉందని రుజువైతే ఆపొచ్చు. కానీ నిప్పంటుకున్నాక హాలంతా పునాదులనుంచి కొత్తగా కట్టారని ప్రమాణపత్రం రాసిచ్చినవాడొకడున్నాడు. అతనెవరో కాదు, టికెట్టక్క సొంత అన్న, ఆపరేటరే.

అది పచ్చి అబద్ధమని ఆమెకు తెలుసు. ఎందుకు ఆడాడో మాత్రం అంతుపట్టలేదు. అందుకే ఆ నోటీసు మీద విచారణకు ఒక్కరోజు ముందు, కట్టడం కొలవడానికి నగరసంస్థ పంపిన సర్వే అమ్మాయిని వెంటబెట్టుకుని, గోడౌన్ హమాలీల చేత ఆ గోడ పగలగొట్టించింది.

*

"నేను చూడలేదు, నాకేం తెలీదు, అసలు నేనివాళ డ్యూటీలోనే లేను" అన్నాడు పరుపుల మేనేజరు. మధ్యాహ్నం పూట సరుకు నాణ్యత పరీక్షించడం ఆయన పద్ధతి. అంటే, ఏ పరుపు దగ్గరగా ఉంటే దానిమీద పడి నిద్రపోవడం. గోడ మీద పడిన మొదటి సుత్తి దెబ్బకి ఉలిక్కిపడి లేచి వచ్చాడు. పరుపు మీది ప్లాస్టిక్ కవరు ముడతలు ఇంకా చెంప మీదే ఉన్నాయి.

"మీరు చూడకండి సార్. కాస్త అటు తిరిగి నిలబడండి చాలు" అంది సర్వే అమ్మాయి. నడుముకి టేపు, చెవి మీద పెన్సిలు, మోకాళ్లదాకా దుమ్ము. వారంరోజులుగా ఈ హాలు చుట్టూ తిరుగుతూ అన్నం వేళకి కూడా కుదురుగా కూర్చోని పిల్ల.

ఆమె ముందు దూరింది. వెనకే టికెట్టక్క ఒంగి, ఒక చేత్తో ఇటుకలు పట్టుకుని లోపలికి కాలు పెట్టింది.

లోపల సన్నటి నడవా. ఇద్దరు పక్కపక్కన నడవలేరు. ఎడమపక్క పాత కేబిన్ గది, ప్రొజెక్టర్ కాళ్లు బిగించిన బోల్టులు నేలమీద తుప్పుపట్టి ఉన్నాయి. నడవా ఆ చివర ఒకప్పుడు వెనక సందులోకి దిగే ఇనప మెట్లుండేవి. ఇప్పుడు అక్కడా గోడే. కుడిపక్క తలుపు. బాల్కనీ పక్క తలుపు.

సర్వే అమ్మాయి ముందు పైకి చూసింది. దూలాలను టార్చితో తడిమి, గోడమీద అరచేయి ఆనించి, చిన్నపిల్లలా ఎగిరినంత పని చేసింది.

"అక్కా! ఇది చూడండి. సున్నం, ఇటుక, టేకు దూలం, అన్నీ మొదటివే. మయూర నాటివే! కొత్తగా కట్టింది ఏదీ లేదు. మసి పట్టింది కానీ చెక్కుచెదరలేదు. మీ అన్నయ్యగారు రాసిచ్చింది శుద్ధ తప్పు."

"అంటే హాలు ఉంటుందా?"

అమ్మాయి ముఖంలో వెలుగు కాస్త తగ్గింది. "నేనైతే రాస్తానక్కా. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. చదవడం చదవకపోవడం పైవాళ్ల చేతిలో ఉంది. పడగొట్టే మిషన్లకి రావాల్సిన తేదీ కూడా ఇచ్చేశారని మా ఆఫీసులో అనుకుంటున్నారు."

టికెట్టక్క ఆ మాట పూర్తిగా వినలేదు. ఆమె కళ్లు తలుపు మీదున్నాయి.

రాజహంస రోజుల్లో ఆ తలుపుకి బాల్కనీ వైపు ఎర్ర వెల్వెట్ కర్టెన్ వేలాడేది. దాని వెనక గడియ ఉందో, గొళ్లెం ఉందో, తాళమే ఉందో ఆమె ఎన్నడూ చూడలేదు. కౌంటర్లో కూర్చునే మనిషికి బాల్కనీలో ఏం పని? కేబిన్ వైపు నుంచి చూసే వీలు అసలే లేదు. ఫిల్మ్ డబ్బాలుండే చోటు కాబట్టి ఇనప మెట్ల పైన నడవా తలుపుకి తాళంచెవి ఒక్కటే ఉండేది, అది అన్నయ్య నడుముకే వేలాడేది. ఓనరు పైకి రావాలన్నా కిందనుంచి కేకేసి, అన్నయ్య తలుపు తీసేదాకా మెట్ల మీద నిలబడాల్సిందే.

తలుపు పైసగం గొడ్డలి దెబ్బలకి విరిగిపోయి ఉంది. ఆరోజు ఫైరింజను వాళ్లు బాల్కనీ వైపు నుంచి పగలగొట్టినదే. కిందిసగం మాత్రం చట్రంలో అలాగే నిలబడి ఉంది. దానికి మణికట్టంత లావు ఇనప గడియ.

"అక్కా, దీనికి అటువైపు కూడా గడియ ఉండేదా?" అంది అమ్మాయి, కాగితం మోకాలి మీద పెట్టుకుని.

"ఎందుకు?"

"రాసుకోవాలి. తలుపు పొడవు, వెడల్పు, బిగింపులు, అన్నీ."

"ఏమో... అటువైపే ఉండాలి. ఉండి తీరాలి."

అమ్మాయి విరిగిన పైసగంలోంచి వంగి, అవతలివైపు చెక్కమీద టార్చి వేసి, వేళ్లతో నింపాదిగా నిమురుతూ చూసింది. "లేదక్కా. గడియ లేదు, గొళ్లెం లేదు. ఊడదీశారనుకుందామన్నా, మేకు దిగిన కన్నం ఒక్కటి కూడా లేదు. ఇటువైపే ఉన్నట్టుంది." వెనక్కి వచ్చి, పెన్సిలు చెవి మీంచి తీసి, తనలో తాను చదువుకుంటూ రాసుకుంది: "గడియ ఒకటి. కేబిన్ నడవా వైపు. వేసి ఉంది."

వేసి ఉంది.

టికెట్టక్క గోడకి చేరగిలబడింది. బాల్కనీలో ఉన్న మనిషి ఈ గడియ వెయ్యలేడు. బాల్కనీలో ఉన్న మనిషి ఈ గడియ తియ్యనూ లేడు. ఇటువైపు రాగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే.

"ఏమైందక్కా? గాలి ఆడట్లేదా?"

"ఏం లేదమ్మా. ఇంకోసారి చెప్పు, ఇందాక ఏం రాశావో."

అమ్మాయి మళ్లీ చదివింది. టికెట్టక్క మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఆ మూడు చిన్న వాక్యాలూ విన్నది.

*

హాలు వెనక, ఒకప్పుడు వేషగాళ్లు రంగులు పూసుకునే రెండు గదులే ఆ అన్నాచెల్లెళ్ల ఇల్లు. గోడపొడుగునా పాత అద్దం. దాని ముందు స్టూలు మీద ఆపరేటర్ కూర్చున్నాడు. డెబ్బై ఒకటి దాటిన మనిషి. ఏళ్లతరబడి ప్రొజెక్టర్‌లో మండే ఆర్క్ దీపం చూసి చూసి కుడికన్ను ఎప్పుడో పనికిరాకుండా పోయింది. మర్నాటి విచారణకి వేసుకెళ్లే చొక్కాకి గుండీ కుట్టుకుందామని సూది పట్టుకుని, దారం ఎక్కించలేక అవస్థ పడుతున్నాడు.

"వచ్చావా? కాస్త ఈ దారం ఎక్కించి పెట్టవే. అరగంట నుంచి చస్తున్నాను."

ఆమె సూది తీసుకుంది. దారం కొస నోట్లో తడిపి, ఒక్కసారికే ఎక్కించి, ముడివేసి ఇచ్చింది. అప్పుడు చూశాడాయన ఆమె చేతులకేసి. వేళ్ల సందుల్లో, గోళ్లల్లో, తలలో ఇటుక దుమ్ము.

"ఎక్కడికెళ్లావ్?"

"గడియ మన వైపే ఉందన్నయ్యా."

సూది గుండీలోకి దిగలేదు. అలాగే గాలిలో ఆగిపోయింది. ఆయన 'ఏ గడియ' అని అడుగుతాడేమోనని ఆమె ఎదురుచూసింది. అడిగి ఉంటే బావుండునని లోలోపల ఏదో మూల కోరుకుంది కూడా. అడగలేదు.

"గోడ పగలగొట్టించావన్నమాట" అన్నాడు.

"నువ్వు వేశావా?"

"ఓనరు వెయ్యమన్నాడు." సూది చొక్కాకి గుచ్చిపెట్టాడు. "బాల్కనీలో కూర్చున్నవాళ్లు ఇటొచ్చి, ఇనప మెట్ల తలుపు లోపల్నుంచి తీసి, స్నేహితుల్ని టికెట్ లేకుండా ఎక్కిస్తున్నారని. ఆట మొదలవగానే వేసేవాణ్ని. ఇంటర్వెల్‌కి తీసేవాణ్ని. రోజూ అంతే."

"నేను రోజూ సంగతి అడగలేదు."

"ఆరోజూ వేశాను."

"పొగ వచ్చాక?"

ఆయన చొక్కాని ఒళ్లో మడత పెట్టసాగాడు. చేతులు రెండూ నెమ్మదిగా, జాగ్రత్తగా, కాలర్‌కి కాలర్ కలుపుతూ.

"అన్నయ్యా. పొగ వచ్చాక?"

"కిందికి దిగాను."

"గడియ తీసి దిగావా, తియ్యకుండా దిగావా?"

"ప్రొజెక్టర్ ఆపాను. ఫిల్మ్ అంటుకుంటుందని భయం. మెట్లకేసి పరిగెత్తాను. సగం మెట్లు దిగాక గుర్తొచ్చింది."

"గుర్తొచ్చి?"

అద్దంలో ఆయన వీపు, ఆమె ముఖం రెండూ కనబడుతున్నాయి. ఆమె తన ముఖాన్ని తానే గుర్తుపట్టలేకపోయింది.

"బావ పిలిచాడు" అన్నాడు చివరికి.

"ఏమని?"

"'బావా, గడియ తియ్యి' అన్నాడు. నేనింకా లోపలే ఉన్నాననుకున్నాడు. తలుపు బాదుతూ అన్నాడు. మూడుసార్లు." ఆయన మూడు వేళ్లు పైకెత్తాడు, ఆమెకు లెక్క రాదన్నట్టు. "నాలుగోసారి పిలిస్తే వెళ్దామని మెట్లమీదే నిలబడ్డాను. నిజం చెబుతున్నాను, నిలబడ్డాను. పిలవలేదు."

హాల్లోంచి మేనేజరు ఎవరినో తిడుతున్న కేకలు, పరుపులు ఈడుస్తున్న చప్పుడు వినబడుతున్నాయి. బయట ప్రపంచానికి ఇంకా సాయంత్రం నాలుగున్నరే.

"పదకొండిళ్లు" అంది టికెట్టక్క. "పదకొండిళ్లూ తిరిగానన్నయ్యా. నా మొగుడి తప్పు క్షమించండని గుమ్మం గుమ్మానా నిలబడ్డాను. ఒకామె ముఖాన నీళ్లు కొట్టింది. ఇంకొకాయన కుక్కని వదిలాడు. ఒక ముసలమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది, ఆ ఏడుపుకంటే కుక్కే నయమనిపించింది. ఆ పదకొండిళ్లకీ నన్ను తీసుకెళ్లిందెవరు?"

ఆయన తల ఎత్తలేదు.

"నువ్వే. వాన పడుతుంటే గొడుగు పట్టుకుని నువ్వే తోడొచ్చావు. ప్రతి ఇంటి ముందూ గొడుగుతో నిలబడి, నేను తిట్లు తిని వచ్చేదాకా ఆగి, మళ్లీ పక్కింటికి తీసుకెళ్లావు. ఎలా నిలబడ్డావన్నయ్యా? కాళ్లెలా ఆనాయి నీకు?"

"నేను లోపలికి రాలేకపోయాను" అన్నాడాయన. అంతకంటే ఏం చెప్పాలో తోచనట్టు, మళ్లీ అదే అన్నాడు. "ఒక్క ఇంట్లోకీ రాలేకపోయాను."

"ఆయన ఫోటో గోడవైపు తిప్పిపెట్టాను. బతికున్నప్పుడు పల్లెత్తు మాట అనని మనిషిని, పోయాక రోజూ నోరారా తిట్టుకున్నాను. 'టీ చుక్క కోసం ఇంతమందిని చంపావు కదయ్యా' అన్నాను. నా పక్కనే కూర్చుని విన్నావు. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, 'అలా అనకే' అనలేదు నువ్వు."

"ఓనరు రెండు గదులిచ్చాడు" అన్నాడు ఆపరేటర్. ఇప్పుడు మాటలు గబగబా వచ్చాయి, ఎప్పటినుంచో వరసకట్టుకుని నిలబడ్డట్టు. "మనం బతికున్నంతకాలం ఇక్కడే ఉండొచ్చన్నాడు. గడియ సంగతి బయటికొస్తే తనూ పోతాడు, నేనూ పోతాను. విచారణకొచ్చినవాళ్లు పైకి ఎక్కనేలేదు, కింద ఆఫీసు గదిలో కూర్చుని ఆయన చెప్పింది రాసుకుపోయారు. నేను జైలుకి పోతే నీకెవరున్నారే? ఆరేళ్ల పిల్లతో ఎక్కడికి పోతావు? బావ ఎటూ పోయాడు. పోయినవాడికి ఏ పేరొస్తే ఏంటనుకున్నాను."

"పేరు తప్ప ఆయనకింకేం మిగిలిందన్నయ్యా?"

ఆయన చొక్కాలోంచి సూది లాగి, మళ్లీ గుచ్చాడు. ఆమె ఆగలేదు.

"అందుకేనా ఆ ప్రమాణపత్రం? హాలంతా కొత్తగా కట్టారని?"

"పాతదని తేలితే అణువణువూ కొలుస్తారుగా. గోడ తీస్తారు. తలుపు చూస్తారు. ఎలాగూ పడగొట్టేదే కదా, ఎవరూ చూడకుండా దానంతటది పడిపోతే..." ఆగాడు. "నువ్వు చూడకుండా పడిపోతే చాలనుకున్నాను. మిగతావాళ్లు చూసినా నాకేం లేదు."

"రేపు వెళ్లి నిజం చెప్పు."

"చెప్తాను."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. ఆయన ఒంటికన్నుతో ఆమెకేసి చూశాడు. ఆ చూపులో మొండితనం లేదు, భయం కూడా లేదు. ఏమీ లేదు.

"చెప్తాను. చెప్పినందువల్ల ఏమవుతుందో నువ్వే ఆలోచించు. ఓనరు పోయాడు. తీర్పు రాసినాయన పోయాడు. ఆ పదకొండిళ్లలో రెండిళ్లే ఉన్నాయి, వాటిల్లోనూ ఆనాటివాళ్లు లేరు. అద్దెకొచ్చినవాళ్లెవరో ఉంటున్నారు. నన్ను తీసుకెళ్లి ఏ జైల్లో పెట్టినా అన్నం పెట్టి మందులివ్వాలి, వాళ్లే వద్దంటారు. ఇది కార్ల గూడు విచారణ. ఒక ముసలాడు లేచి ముప్పై ఏళ్లనాటి గడియ గురించి చెబితే, 'మీ సమయం అయిపోయింది, కూర్చోండి' అంటారు. వచ్చే వారానికి ఆ తలుపు కూడా ఉండదు. ఇక నువ్వు చెప్పే మాటకి సాక్ష్యం నీ నోరే."

ఆయన చెప్పినదాంట్లో ఒక్క తప్పు మాట కూడా దొరకలేదామెకి. అదే అన్నిటికంటే ఘోరంగా అనిపించింది. అన్న అబద్ధమాడితే ముఖాన ఉమ్మెయ్యొచ్చు. నిజం చెబుతుంటే ఏం చెయ్యాలి?

సూది, చొక్కా ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయిన మనిషిని అక్కడే వదిలి, ఆమె బయటికి నడిచింది.

*

వెనక సందులో ఒకప్పుడు ఇనప మెట్లు దిగే చోట సిమెంటు దిమ్మ మిగిలి ఉంది. దానిమీద కూలబడింది. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. స్టాపు దగ్గర కండక్టరు "రాజహంస, రాజహంస దిగండి" అని అరిచాడు. దిగినవాళ్లలో రాజహంస ఎక్కడుందని తల తిప్పి చూసినవాళ్లు లేరు.

ఏడుపు రాలేదు. వస్తే బావుండును. దాని బదులు ఒక్కటే ఆలోచన వచ్చింది, అది ఆమెను నిలువునా నిలబెట్టింది. కూతురు!

తండ్రి పోయేనాటికి ఆరేళ్ల పిల్ల. బళ్లో దాన్ని తాళంపిల్ల అన్నారు. బళ్లు మార్చారు, అక్కడికీ ఆ పేరు దానికంటే ముందే చేరింది. పెద్దయి, చదువుకుని, ఎక్కడో దూరాన ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం తెచ్చుకుంది. పెళ్లివాళ్లతో తండ్రి జ్వరంతో పోయాడని చెప్పింది. ఇవాళ్టికీ ఇంట్లో తండ్రి ఫోటో లేదు, తండ్రి మాట లేదు. ఎవరైనా అడిగితే లేచి వేరే గదిలోకి పోతుంది.

హాలు పోతే పోనీ. విచారణలో ఎవరూ వినకపోతే పోనీ. ఈ ఒక్క మాట వినాల్సిన మనిషి ఒక్కర్తే, ఆ ఒక్కదానికీ చెప్పొచ్చు. అంతమాత్రం చాలు. పన్నెండోవాడి పేరు ఒక్క ఇంట్లోనైనా తలెత్తుకుంటుంది.

ఫోను తీసింది. తొందరలో రెండుసార్లు ఎవరికో పోయింది. మూడోసారికి కూతురు ఎత్తింది.

"చెప్పమ్మా. ఇప్పుడే డ్యూటీ దిగాను. అలా ఉందేంటి గొంతు? మావయ్యకి బానే ఉందా?"

"ఇక్కడ పాత బాల్కనీ గోడ పగలగొట్టారే. నేను లోపలికెళ్లాను." ఫోను రెండో చెవికి మార్చింది. "ఆ తలుపు చూశాను. గడియ బాల్కనీ వైపు లేదు తల్లీ. అసలు ఎప్పుడూ లేదు. మీ నాన్న మూయలేదే. మూయలేడు. వాళ్లని వదిలి ఎక్కడికీ పోలేదు, పైకెళ్లి చివరిదాకా తలుపు బాదుతూనే ఉన్నాడు. వింటున్నావా? మీ నాన్న మూయలేదు!"

అటువైపు ఏదో ఒకటి వినబడుతుందని ఫోనుని చెవికి గట్టిగా నొక్కిపెట్టుకుంది. కేకో, ఏడుపో, 'ఏంటమ్మా నువ్వనేది' అన్న మాటో. ఏదీ రాలేదు. ఆస్పత్రి వరండాలో ఎవరివో చెప్పుల చప్పుళ్లు, ఒక తలుపు మెల్లగా వేసుకున్న శబ్దం. తర్వాత కూతురి ఊపిరి, ఫోనుకి బాగా దగ్గరగా.

"మాట్లాడవే. ఏదో ఒకటి అను."

కూతురు మాట్లాడింది. ఆ గొంతులో ఆశ్చర్యం మచ్చుకైనా లేదు.

"మావయ్య నీకూ చెప్పేశాడా అమ్మా?"